పాత అక్వేరియం స్టాండ్‌ను నమ్మొచ్చా? కొనే ముందు ఇలా చూడండి

సెకండ్ హ్యాండ్ స్టాండ్ చూడ్డానికి వెళ్లినప్పుడు చాలామంది చేసేది ఒకటే. పైన చేత్తో గట్టిగా నొక్కుతారు, ఇంకా అనుమానముంటే ఎక్కి కూర్చుంటారు, విరగలేదు కాబట్టి బాగానే ఉందని డబ్బులు ఇచ్చేస్తారు. కానీ లెక్క చూడండి. 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు ఉండే మామూలు మూడడుగుల ట్యాంక్‌ను అంచుకు నాలుగు సెంటీమీటర్ల కిందిదాకా నింపితే నీళ్లే 150 కిలోలు దాటతాయి. 8 మిల్లీమీటర్ల గాజైతే దాని బరువు ఇంకో 32 కిలోలు, అయిదు సెంటీమీటర్ల మందాన ఇసుక పరిస్తే ఇంకో 30. ఇసుక ఉన్న మేరకు నీళ్లు తగ్గుతాయి నిజమే, అది తీసేసినా రాళ్లూ మూతా ఫిల్టరూ కలుపుకుంటే మొత్తం 200 కిలోల పైమాటే. పైగా ఆ బరువు రాత్రింబగళ్లు, ఏళ్ల తరబడి దిగకుండా అక్కడే ఉంటుంది. ఒక్క నిమిషం ఓర్చుకున్న చెక్క అదే బరువు కింద నెలల తరబడి ఉంటే మెల్లగా వంగిపోతుంది. అందుకే మీరు ఎక్కి కూర్చున్నంత మాత్రాన ఏమీ తేలదు.

ముందు తలుపులు తెరిచి, వంగి లోపల చూడండి. ట్యాంక్ అంచుల నుంచి నేల దాకా బరువు ఎటు నుంచి ఎటు దిగుతోందో కళ్లతోనే వెంబడించండి. పై పలక పక్క పలకల తలల మీద కూర్చుందా, లేక రెండు పక్క పలకల మధ్య ఇరికించి స్క్రూలతో బిగించారా? మొదటి రకంలో చెక్క మీద చెక్క ఆని ఉంటుంది, స్క్రూలు కదలకుండా పట్టుకుంటాయి అంతే. రెండో రకంలో మొత్తం బరువు ఆ నాలుగైదు స్క్రూల మీద వేలాడుతుంది, అదీ ఎక్కువసార్లు పార్టికల్ బోర్డులో (చెక్కపొట్టును జిగురుతో అతికించి చేసిన పలకలో) దిగిన స్క్రూల మీద. స్క్రూలన్నీ మాయమైపోయాయి అనుకుంటే పై పలక అలాగే ఉంటుందా, జారి కింద పడుతుందా? నేను చూసేది ఇదే. పడేటట్టుంటే లోపల నాలుగు మూలల్లో పై పలకకూ అడుగుకూ సందు లేకుండా ఆనేలా నిలువు చెక్కలు పెట్టించుకునే ఓపిక ఉంటేనే తీసుకోండి. పొడవాటి స్టాండ్‌కైతే మధ్యలో కూడా ఒక నిలువు ఆధారం ఉందో లేదో చూడండి. కింద చక్రాలున్నది నేనైతే ముట్టుకోను.

స్టాండ్లు బరువుకు నలిగిపోతాయని అందరూ భయపడతారు కానీ నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది అవి పక్కకు ఒరగడం. నిలువు పలకలు ఎంత బరువైనా మోస్తాయి, నిలువుగా ఉన్నంతవరకే. వాటిని నిలువుగా ఉంచేది వెనక పలక. అట్టపెట్టెకు పైనా కిందా మూతలు తెరిచేస్తే పక్కకు మడిచి చదును చేసెయ్యొచ్చు కదా, వెనక పలక లేని స్టాండ్ కూడా అంతే. పైపులూ వైర్ల కోసమని ఆ పలకను మొత్తం పీకేసినవాళ్లూ, పెద్ద చిల్లు కోసేసినవాళ్లూ బోలెడంతమంది ఉంటారు. ఖాళీ స్టాండ్ పై మూలను పట్టుకుని పొడవు వైపుకు ఊపండి. కిందిభాగం కదలకుండా పైభాగం ఒక్కటే ఊగితే అతుకులు వదులైనట్టే. నట్లు బిగిస్తే, లేదా వెనకాల మంచి ప్లైవుడ్ పలక కొట్టిస్తే ఊగడం ఆగుతుందేమో చూడాలి, ఆగకపోతే వద్దు. ఇనుప స్టాండ్‌లో ఈ పని చేసేది ఏటవాలు కడ్డీ, అది లేకపోతే గట్టి వెల్డింగ్. తలుపులు కూడా ఒక రహస్యం చెబుతాయి: పై అంచు ఒకదానికొకటి సమానంగా లేకపోయినా, మూస్తుంటే కింద రాసుకుంటున్నా, కీళ్లు బాగానే ఉండి కూడా అలా అవుతుంటే ఫ్రేమే పక్కకు వాలింది.

చెక్క స్టాండ్‌కు శత్రువు నీళ్లే. అక్వేరియం స్టాండ్ కదా, ఎప్పుడో ఒకప్పుడు తడిసే ఉంటుంది, ఎంత తడిసిందన్నదే ప్రశ్న. అమ్మేవాళ్లను అడిగి దాన్ని వెల్లకిలా తిప్పించి అడుగు అంచులు చూడండి, కారిన నీళ్లన్నీ చేరేది అక్కడే. పార్టికల్ బోర్డూ, ఎండీఎఫ్ (సన్నటి చెక్క నారను అదిమి చేసే పలక) తడిస్తే ఉబ్బుతాయి, ఆరాక మళ్లీ మామూలు మందానికి రావు, బలం కూడా తిరిగి రాదు. వేలితో అంచు వెంబడి తడిమితే ఉబ్బు తెలిసిపోతుంది. గోరుతో గీకితే పొట్టులా రాలితే ఇక బేరం కూడా ఆడొద్దు. ప్లైవుడ్ అయితే అంచులో పొరలు విడిపోయాయేమో, పైనున్న మైకా బుడగలా లేచిందేమో చూడండి. తెల్లటి సున్నపు చారలు కనిపిస్తే అక్కడ చాలాకాలం నీళ్లు కారి ఎండాయన్నమాట, ఆ చుట్టుపక్కల స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడండి. గట్టి కర్రలోనైతే పురుగు తొలిచిన సన్నటి చిల్లులూ, కింద పిండిలా రాలిన పొడీ ఉన్నాయేమో కూడా చూడండి. కొత్తగా రంగు వేసి, లప్పం పెట్టి మెరిపించిన పాత స్టాండ్ చూస్తే నాకు అనుమానం ఇంకా పెరుగుతుంది.

ఇనుప స్టాండ్ మీద పైపైన ఎర్రగా పట్టిన తుప్పును గీకి, ప్రైమర్ కొట్టి వాడుకోవచ్చు. పెచ్చులుగా లేచిన తుప్పు వేరు. స్క్రూడ్రైవర్ పిడితో కాళ్ల పొడవునా కొట్టుకుంటూ పొండి, ఖంగుమనే శబ్దం ఒకచోట మొద్దుగా మారితే లోపల్నించి తినేసి ఉండొచ్చు. ముఖ్యంగా కాళ్ల అడుగున, వెల్డింగ్ అతుకుల దగ్గర. అతుకు పక్కన వెంట్రుకంత పగులు కనబడినా మళ్లీ వెల్డింగ్ చేయించకుండా నీళ్లు పోయొద్దు. ఉప్పునీటి ట్యాంక్ కింద ఉన్నదైతే రెండింతలు జాగ్రత్తగా చూడండి.

తర్వాత పైభాగం చదునుగా ఉందా లేదా. ఎదురెదురు మూలల నుంచి రెండు దారాలు బిగుతుగా లాగి పట్టుకోండి. మధ్యలో రెండూ ఒకదాన్నొకటి తాకాలి. పైనున్న దారం కింది దారానికి ఎడంగా ఉన్నా, కింది దారం పైదాన్ని నెట్టి వంచుతున్నా పైభాగం మెలి తిరిగినట్టు. వంపు చూడ్డానికి పొడవాటి తిన్నని కడ్డీ అంచు మీద పెట్టి, సందులో పేకముక్క దూరుతుందేమో చూడండి. గాజు వంగదు కాబట్టి మెలి తిరిగిన స్టాండ్ మీద అడుగు గాజు పగలొచ్చు, మూలల్లో సిలికాన్ వదిలేయొచ్చు. ఫ్రేము లేని ట్యాంక్ కింద పరిచే థర్మాకోల్ గానీ ఫోమ్ గానీ చిన్న చిన్న గరుకుల్ని సర్దుతుంది తప్ప వంగిన పలకను తిన్నగా చెయ్యదు. అడుగున ప్లాస్టిక్ ఫ్రేము ఉన్న ట్యాంక్ బరువంతా అంచుల మీదే ఉంటుంది, దాని కింద మెత్తటిది ఏదీ పరచకపోవడమే మంచిది, తయారీదారు చెబితే తప్ప.

కొలతల దగ్గర పెద్దగా ఆలోచించేదేం లేదు, ట్యాంక్ స్టాండ్ దాటి బయటికి రాకూడదు. కానీ పైన పలక లేని ఇనుప ఫ్రేము మీద చిన్న ట్యాంక్ పెట్టడం కూడా తప్పే, దాని అంచుల కింద ఆధారం ఉండదు.

అమ్మేవాళ్లను అడగాల్సినవి: దీని మీద ఏ సైజు ట్యాంక్ ఉండేది, ఎన్నేళ్లు, తీసేశాక ఇంట్లో పెట్టారా బయట వానలో పడేశారా. నిండు ట్యాంక్‌తో చూసే వీలుంటే అంతకంటే మంచిది లేదు.

ఇంటికి తెచ్చాక గాజు కంటే ముందు నీళ్ల డబ్బాలు ఎక్కించండి. ట్యాంక్ నిండితే ఎంత బరువో అంత, అంచుల వెంబడి సర్ది, ఒక పూర్తి రోజు ఉంచండి. ఎక్కించే ముందు పై పలక మధ్య నుంచి నేలకు ఎత్తు కొలిచి రాసుకోండి, మర్నాడు మళ్లీ కొలవండి. అన్నీ సరిగ్గా ఉంటే రసమట్టం పెట్టి రెండు వైపులా చూసి, ఎత్తుపల్లాలు ఉంటే చెక్క చీలికలు స్టాండ్ కాళ్ల కింద పెట్టండి, ట్యాంక్ కింద కాదు. అప్పుడు ట్యాంక్ ఎక్కించి, పావు వంతు నింపి ఆగి, నాలుగు మూలల్లోనూ నీటి మట్టం నుంచి అంచు దాకా కొలవండి. సగం నిండాక మళ్లీ, నిండాక మళ్లీ. తేడా పెరుగుతూ పోతుంటే వెంటనే నీళ్లు తోడేయండి. మొదటి నెలంతా వారానికోసారి ఆ కొలతలు చూస్తూ, తలుపులు ఎప్పటిలాగే మూసుకుంటున్నాయో లేదో గమనించండి.