తండా, గూడెం జనాభా లెక్క వెతకడం ఎలా?

జనగణనలో గ్రామీణ ప్రాంతానికి మూల ప్రమాణం రెవెన్యూ గ్రామమే (భూమి రికార్డుల కోసం హద్దులు గుర్తించిన గ్రామం) గనుక, దాని శివారులో ఉన్న తండా, గూడెం, పల్లె పేర్లు పట్టికలో సాధారణంగా విడిగా కనిపించవు. అందుచేత ముందుగా మీ నివాసం ఏ రెవెన్యూ గ్రామ పరిధిలోకి వస్తుందో పట్టాదారు పాసుపుస్తకంలో చూసుకోవాలి. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తెలంగాణలో చాలా తండాలు పంచాయతీలయ్యాయి, కానీ పంచాయతీ, రెవెన్యూ గ్రామం ఒకటి కావు. ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

తరువాత 2011 జనగణనకు సంబంధించిన జిల్లా కరదీపికను (District Census Handbook) సెన్సస్ ఇండియా వెబ్‌సైట్ నుంచి తెచ్చుకొని, అందులోని రెండవ భాగాన్ని (Part B) తెరవాలి. అప్పటికి ఉమ్మడి రాష్ట్రంలో 23 జిల్లాలే ఉండేవి గనుక, నేటి ములుగు జిల్లా గ్రామాన్ని నాటి వరంగల్ లేదా ఖమ్మం జిల్లాలో వెతకాలి. ఒకే పేరుతో అనేక గ్రామాలుంటాయి కాబట్టి పేరును కాక ఆరంకెల గ్రామ కోడ్‌ను నమ్మడం మేలు. ఆ వరుసలో కుటుంబాలు, స్త్రీ పురుషుల సంఖ్య, ఆరేళ్లలోపు పిల్లలు, అక్షరాస్యులు, పనిచేసేవారి వివరాలు ఉంటాయి.

అది గ్రామం మొత్తానికి చెందిన అంకె. తండా ఒక్కదానికే కావాలంటే అంగన్‌వాడీ సర్వే, పంచాయతీ ఇంటిపన్ను రిజిస్టరు చూడవచ్చు. అయితే వాటిని అంచనాగానే పేర్కొనాలి, జనగణన లెక్కగా కాదు.