పట్టుపురుగుల పెంపకం – 4వ పాఠం: మేత ఎటు పోతుంది?

కిందటి పాఠంలో జ్వరానికి, అంటే పాత చర్మం విడవడానికి కూర్చున్న పురుగును గుర్తుపట్టడం చూశాం. ఇప్పుడు నాలుగో జ్వరం నుంచి లేచి అయిదో దశలోకి వచ్చిన పురుగు తిన్న మల్బరీ ఆకు ఏమవుతుందో చూద్దాం. జీవితంలో తినే మొత్తం ఆకులో 80 శాతానికి పైగా ఈ అయిదో దశలోనే తింటుంది కాబట్టి లెక్కంతా ఇక్కడే ఉంది.

ముందు ఒక్క పురుగునే తదేకంగా గమనించండి. ముందుకాళ్లతో ఆకు అంచును పట్టుకుని, తలను పైనుంచి కిందికి దించుతూ సన్నగా కొరుకుతుంది. మళ్లీ తలెత్తి మొదటినుంచి అందుకుంటుంది. నీళ్లు విడిగా తాగదు, ఆకులోని తేమే దానికి నీరు. అందుకే వాడిన ఆకు వేస్తే ఆకలీ తీరదు, దాహమూ తీరదు.

కొరికిన ముక్కలు నడిపేగులోకి చేరతాయి. పురుగు ఒంట్లో చాలా భాగం ఈ పేగే. మన కడుపులో ఆమ్లం ఉంటే దీని పేగులో గాఢమైన క్షారం, పీహెచ్ దాదాపు 10. ఎంజైములు ఆకులోని ప్రొటీన్లను అమైనో ఆమ్లాలుగా విడగొట్టేది ఈ క్షారంలోనే. పేగు గోడలోని కొన్ని కణాలు పొటాషియంను పనిగట్టుకుని పేగులోకి తోడిపోస్తుంటాయి. అది తిరిగి కణాల్లోకి వచ్చేటప్పుడు అమైనో ఆమ్లాలను వెంటబెట్టుకొస్తుంది. అక్కడినుంచి అవి రక్తంలో కలిసి పట్టుగ్రంథికి చేరతాయి. చక్కెరలు, పిండిపదార్థం శక్తికి పనికొస్తాయి, మిగిలితే కొవ్వు కణజాలంలో నిల్వ ఉంటాయి. పీచు మాత్రం అరగదు, రెట్టలో పోతుంది.

పట్టుదారంలోని అసలు ప్రొటీన్ ఫైబ్రాయిన్. అందులో 80 శాతానికి పైగా గ్లైసిన్, అలనిన్, సెరిన్ అనే మూడు అమైనో ఆమ్లాలే. ఈ మూడింటినీ పురుగు మిగతా వాటి నుంచి తయారుచేసుకోగలదు. కొన్ని అమైనో ఆమ్లాలు మాత్రం ఆకు ఇవ్వాల్సిందే, ఒంట్లో తయారుకావు. ఆకులో ప్రొటీన్ తక్కువైతే గూడు పలచబడేది అందుకే.

ఏ దశలో ఎంత ఆకు వేయాలో చెప్పే పట్టికలు చాలా ఉన్నాయి. నాకైతే పట్టిక కన్నా పురుగుల్ని పెంచే తట్ట అడుగున పడ్డ రెట్టల మీదే నమ్మకం ఎక్కువ. ఈ వారం అభ్యాసం అదే. అయిదో దశ మూడో రోజున కొన్ని రెట్టలు ఏరి చూడండి. ఆరోగ్యంగా ఉన్న పురుగు రెట్ట గట్టిగా, ముదురాకుపచ్చగా, ఆరు గాడులతో ఉంటుంది. నీళ్లలో చిదిపి భూతద్దం కింద పెడితే అరగని ఆకు ముక్కలు కనిపిస్తాయి. రెట్ట మెత్తబడినా, పూసల దండలా అతుక్కుని వచ్చినా ఆ తట్టను వేరుగా పెట్టి, ఆకు తడిగా ఉందేమో, పులిసిందేమో చూడండి.

ఒక్క మినహాయింపు ఉంది. గూడు కట్టే ముందు పురుగు పేగు ఖాళీ చేసుకుంటుంది, అప్పుడు రెట్ట మెత్తగా, తడిగా రావడం సహజమే. ఒళ్లు పారదర్శకంగా మారి, మేత మానేసి, తలెత్తి అటూ ఇటూ వెతుకుతుంటే అది జబ్బు కాదు, పండిన పురుగు. దాన్ని చంద్రికల (గూడు కట్టుకోవడానికి పెట్టే చట్రాల) మీదికి ఎప్పుడు, ఎలా ఎక్కించాలో 5వ పాఠంలో.