మలకైట్ నగకు చింతపండు తగలనీయకండి

వెండి నల్లబడితే చింతపండు గుజ్జు పట్టించి తోమడం నెల్లూరు ఇళ్లలో మామూలే. ఆ వెండిలో ఆకుపచ్చ చారల మలకైట్ పొదిగి ఉంటే మాత్రం ఆ పని వద్దు. మలకైట్ అంటే రాగి కార్బొనేట్. పులుపు తగిలితే పైపొర కరిగి రాయి వెలవెలబోతుంది. పోయిన మెరుపు ఇంట్లో తెప్పించలేం, మళ్లీ సాన పట్టించాల్సిందే. నిమ్మకాయ, బాత్రూం యాసిడ్, అమ్మోనియా ఉన్న జుట్టు రంగు, అన్నీ దీనికి శత్రువులే. కుంకుడు రసంలోనూ కాస్త ఆమ్ల గుణం ఉంది.

రాగి ఖనిజం ఉన్న రాళ్లలోకి వాననీరు, గాలి దిగితే రాగి కరుగుతుంది. ఆ నీళ్లు సున్నపురాయిని తాకినచోట రాగి కార్బొనేటుగా మారి పొర మీద పొర పేరుకుంటుంది. పొరపొరకూ స్ఫటికాల సైజు మారుతుంది కాబట్టే లేత, ముదురు చారలు. నెల్లూరు జిల్లా గరిమెనపెంటలో పాత రాగి తవ్వకాలున్నాయి. అలాంటి చోట్ల రాళ్ల మీద కనిపించే పచ్చమరకలు చాలావరకు ఇదే. నగకు పనికొచ్చే మందపాటి రాయి మాత్రం ఎక్కువగా కాంగో నుంచి వస్తుంది.

రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు చెప్పే మోస్ కొలతలో మలకైట్‌ది 3.5 నుంచి 4. ఇంటి దుమ్ములో ఉండే క్వార్ట్జ్ ఇసుకది 7. తెల్లరాయి (క్వార్ట్జే) గనులున్న గూడూరు, సైదాపురం వైపు చెప్పనే అక్కర్లేదు. అందుకే పొడిగుడ్డతో రుద్దకండి, గీతలు పడతాయి. ముందు మెత్తని బ్రష్‌తో దుమ్ము దులపండి. గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల బేబీ షాంపూ కలిపి, నూలుగుడ్డ ముంచి గట్టిగా పిండి తుడవండి. తర్వాత మంచినీళ్ల గుడ్డతో ఒకసారి, వెంటనే తడి లేకుండా ఇంకోసారి. నానబెట్టొద్దు. వేడినీళ్లు అసలే వద్దు, చాలా రాళ్లకు అంగడిలోనే మైనం పూసి ఉంటారు, అది కరిగిపోతుంది.

ఉంగరం ధరించే ముందు రాత్రంతా పాలలో వేసే ఆనవాయితీ ఈ రాయికి పనికిరాదు. పాలు పులిసేకొద్దీ రాయి దెబ్బతింటుంది, రాగి పాలలోకి దిగుతుంది. ఆ పాలు ఎవరూ తాగకూడదు. రాయి ముంచిన నీళ్లూ అంతే. శాస్త్రం తప్పదనుకుంటే గుడ్డ కొసను పాలలో తడిపి లోహానికి అద్ది తుడిచేస్తే సరి. అసలు ఉంగరం కన్నా లాకెట్ మేలు: చెయ్యి రోజంతా దేనికో ఒకదానికి తగులుతుంటుంది, ఎండాకాలం చెమటా తోడు.

టంకం పెట్టాల్సి వస్తే రాయిని ఊడదీయమని కంసాలికి ముందే చెప్పండి. మంట తగిలితే అది నల్లటి రాగి ఆక్సైడ్ అయిపోతుంది. శబ్ద తరంగాలతో నగలు శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ మిషన్‌లోనూ వేయించొద్దు.

కొనేటప్పుడు చేతిలో పట్టి చూడండి. అసలుది నీటికి సుమారు నాలుగింతల బరువు, చల్లగా తగులుతుంది. ప్లాస్టిక్ తేలిక. పూసలన్నిటి మీదా ఒకే చార అచ్చుగుద్దినట్టు ఉంటే అనుమానించాల్సిందే. సాన పట్టేవాళ్లు నీళ్లు పోస్తూ, మాస్క్ కట్టుకునే కోయాలి. ఆ పచ్చపొడి ఊపిరితిత్తులకు హాని.