ఎంఏ పాలిటిక్స్‌కి ఇంగ్లండ్ వస్తున్న నల్లగొండ, పాలమూరు పిల్లలకు

ముందు మార్కుల సంగతి చెప్పేస్తా. ఇక్కడ ఎంఏలో 50 వస్తే పాస్, 60 వస్తే మెరిట్, 70 వస్తే డిస్టింక్షన్. 80 అనేది ఎవరికో ఎప్పుడో వస్తుంది. మన దగ్గర డిగ్రీలో 85 తెచ్చుకున్న పిల్లలు మొదటి ఎస్సేకి 58 చూసి కుమిలిపోతున్నారు. మొన్న మిర్యాలగూడ తమ్ముడొకడు అంతే. డిగ్రీలో హెచ్‌పీపీ (హిస్టరీ, పొలిటికల్ సైన్స్, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్) గ్రూపులో కాలేజీ ఫస్ట్. 58 అని నాన్నకు ఎట్లా చెప్పాలని ఇంటి ఫోన్ ఎత్తడమే మానేశాడు. అక్కడ వాళ్ల నాన్న పరేషాన్, ఇక్కడ వీడు పరేషాన్. చివరికి ఆ పెద్దాయన నా నంబరు సంపాదించి నాకు ఫోన్ చేశాడు. వాడి ఎస్సే తెప్పించుకుని చదివాక ఇది రాయక తప్పలేదు.

ఇల్లు, సిమ్, బ్యాంకు, జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు) దగ్గర పేరు రాయించుకోవడం, ఇవన్నీ తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో రోజూ నలిగేవే. పచ్చళ్ల బరువు గురించి కూడా నన్ను అడగొద్దు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. స్టూడెంట్ వీసా మీద వారానికి 20 గంటలకు మించి పని చేయొద్దనే నియమం ఎంఏ వాళ్లకు వేసవిలో సడలదు. డిగ్రీ పిల్లలకు అవి సెలవులు, మీకు మాత్రం డిసర్టేషన్ (ఎంఏ చివర్లో రాసే పెద్ద పరిశోధన వ్యాసం) కాలం, అంటే చదువు నడుస్తున్నట్టే లెక్క. "జూన్ నుంచి ఫుల్ టైమ్ చేసుకోవచ్చు" అని ఎవరన్నా చెబితే వినకండి. వీసాకి ముప్పొస్తే సలహా ఇచ్చినవాడు ఫోన్ కూడా ఎత్తడు.

ఇక ఆ ఎస్సే. విషయం ఎన్నికల పద్ధతులు. మొదటి పేజీలో నిర్వచనాలు, తర్వాత రకాలు, లక్షణాలు, గుణాలు, దోషాలు, ముగింపు. అచ్చం అకాడమీ పుస్తకాలు ముందేసుకుని గ్రూప్స్‌కి నోట్స్ రాసుకున్నట్టే ఉంది. తప్పు ఒక్కటి కూడా దొరకదు. కింద ప్రొఫెసర్ రాసింది ఒకే వాక్యం: ఇందులో మీరేమంటున్నారో నాకు తెలియలేదు.

మనకు అలవాటైన చదువు వేరు. ఎన్ని పాయింట్లు రాస్తే అన్ని మార్కులు, సైడ్ హెడ్డింగ్ కింద గీత గీస్తే ఇంకో అర మార్కు. ఇక్కడ ప్రశ్న ఇచ్చేదే మీరు ఏ పక్కన ఉన్నారో తేల్చుకోమని. ఎక్కువ ఓట్లొచ్చినవాడే గెలిచే పద్ధతి రెండు పార్టీల వ్యవస్థకు దారి తీస్తుందా అని అడిగారనుకోండి. ఫ్రెంచ్ రాజకీయ శాస్త్రవేత్త డువర్జే అట్లా అన్నాడని రాస్తే పని సగం కూడా కాలేదు. మన దేశంలో చాలా నియోజకవర్గాల్లో అసలు పోటీ ఇద్దరి మధ్యే ఉంటుంది, పార్లమెంటులో చూస్తే మాత్రం పదుల కొద్దీ పార్టీలు. మరి ఆయన చెప్పింది నిలిచినట్టా, కూలినట్టా? ఏదో ఒకటి అనండి. మొదటి పేరాలోనే అనండి. మిగతా పేజీలన్నీ ఆ మాటను నిలబెట్టుకోవడానికే.

ఉదాహరణ కోసం ఎక్కడెక్కడో వెతుకుతారు, అదే నాకు మండుతుంది. నల్లగొండ వాళ్లకు అది ఇంట్లోనే ఉంది కదా! 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ సీటుకు 480 మంది నిలబడ్డారు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్, ఆ నీళ్లు తాగి వంకర పోయిన కాళ్లు, దరఖాస్తులు పెట్టీ పెట్టీ విసిగిన జనం చివరికి నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా పడింది. ఒక్క నల్లగొండే కాదు, అదే ఏడాది తమిళనాడులో మొడకురిచి అసెంబ్లీ సీటుకు 1,033 మంది పోటీ చేశారు. ఆ తర్వాత చట్టం మార్చి లోక్‌సభ డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు, స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదకులు ఉండాలన్నారు. 1996లో దేశమంతా కలిపి 13,952 మంది పోటీ చేస్తే 1998లో 4,750 మందే మిగిలారు.

ఇంతవరకు రాసి ఆపితే 58. "ప్రతినిధిని ఎన్నుకోవడానికి పెట్టిన ఎన్నికను జనం అర్జీగా వాడుకున్నారు, ప్రభుత్వం నీళ్ల సంగతి తేల్చకముందే ఆ దారి మూసింది" అని మొదటి పేరాలో అంటే అప్పుడు అది మీ మాట. కాదనేవాళ్లు ఉంటారు. అంత పెద్ద బ్యాలెట్‌లో చదువురాని ముసలమ్మ గుర్తు ఎట్లా వెతుక్కుంటుంది, డిపాజిట్ పెంచడం న్యాయమే కదా అంటారు. వాళ్ల మాటను వాళ్లకంటే బలంగా రాసి, అప్పుడు జవాబు చెప్పండి. బ్రిటన్‌లో డిపాజిట్ 500 పౌండ్లు, 5 శాతం ఓట్లు దాటితే తిరిగి ఇస్తారు. మన దగ్గర ఆరో వంతుకు పైగా రావాలి. ఏది కఠినమో పోల్చి చూడండి. మార్కులు వాటంతట అవే కదులుతాయి.

పాలమూరు వాళ్లు మాకేం లేదనుకోవద్దు. పనికి ముంబై, పుణె పోయిన కూలీకి పేరు ఊరి ఓటరు జాబితాలో, మనిషి ఇంకెక్కడో. చట్టం సాధారణంగా నివసించే చోటే ఓటు అంటుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఊర్లో లేనివాడు ఎక్కడ నివసిస్తున్నట్టు? విదేశాల్లో ఉన్న భారత పౌరులు తమ ఊరి జాబితాలో పేరు ఉంచుకునేలా 2010లో చట్టం సవరించారు, కానీ వాళ్లూ స్వయంగా పోయే వేయాలి. విచిత్రం ఏమిటంటే, కామన్వెల్త్ దేశం వాళ్లం కాబట్టి మనం ఇక్కడ ఓటరుగా నమోదు కావచ్చు, పార్లమెంటు ఎన్నికలకు కూడా. రాజకీయ శాస్త్రం చదవడానికి వచ్చి అది కూడా చేసుకోకపోతే ఎట్లా?

సెమినార్ల విషయంలో నా మొదటి టర్మ్ చాలా చెడ్డగా గడిచింది. రాత్రి గోదాములో షిఫ్టు, పొద్దున గుండ్రంగా కూర్చున్న పదిమందిలో నేనొకణ్ణి, మధ్యాహ్నం నాలుగింటికే చీకటి. వాళ్ల యాస అర్థమై ఒక మాట కూడబలుక్కునేలోపు చర్చ ఇంకో చోటికి పోయేది. ఇక్కడ ఎవరూ మిమ్మల్ని లేపి నిలబెట్టి అడగరు. మన దగ్గర నోరు మెదపకపోతే బుద్ధిమంతుడు అంటారు, ఇక్కడ చదవకుండా వచ్చాడనుకుంటారు. కాబట్టి మొదటి పది నిమిషాల్లోనే ఒక మాట అనేయండి. ఆలస్యం చేసినకొద్దీ గొంతు ఇంకా పట్టేస్తుంది. రెండు వాక్యాలు కాగితం మీద రాసుకుపోయి చదివినా పరవాలేదు, అందులో షరం ఏం లేదు. ప్రొఫెసర్లను పేరు పెట్టి పిలవడానికి నోరు రాకపోతే ముందు మెయిళ్లలో మొదలుపెట్టండి.

రీడింగ్ లిస్ట్ మొత్తం ఎవరూ చదవరు, చదివామని చెప్పేవాళ్లతో సహా. తప్పనిసరి అని పెట్టినవి చదవండి, చదివేటప్పుడు ఇతను ఎవరితో గొడవ పడుతున్నాడో పక్కన రాసుకోండి. ఎత్తిరాసిన ప్రతి మాటకూ పేజీ నంబరు అప్పుడే పెట్టుకోండి. రాత్రి పన్నెండుకి సబ్మిట్ చేయాల్సిన ఎస్సేలో పేజీ నంబర్ల కోసం పది పుస్తకాలు తిరగేయడం నరకం. జ్వరం వచ్చినా, ఇంట్లో కష్టం వచ్చినా గడువుకు ముందే ఎక్స్‌టెన్షన్ అడగండి. మనవాళ్లు గడువు దాటాక ఏడుస్తూ మెయిల్ పెడతారు. అప్పటికి కోతపడే మార్కులు పడే ఉంటాయి. ఆఫీస్ అవర్స్ అని బోర్డు పెట్టుకుని కూర్చునే ప్రొఫెసర్ దగ్గరికి పోవడానికి భయమెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. వాళ్లు ఆ గంటలో తరచూ ఖాళీగానే ఉంటారు.

ఇంత భయపెట్టాను కాబట్టి ఇదీ చెప్పాలి. మార్చి వచ్చేసరికి చాలామందికి దారి దొరుకుతుంది. నాకు తెలిసిన మనవాళ్లలో, టైమ్‌కి సబ్మిట్ చేస్తూ పోయినవాళ్లెవరూ ఫెయిలవలేదు. "ఎంఎస్ కాకుండా ఇదేం చదువురా" అన్న చుట్టాలకు ఏం చెప్పాలో మాత్రం నాకూ తెలియదు, అది మీరే చూసుకోండి.

డిసర్టేషన్ మన జిల్లా మీద చేస్తే సంతోషమే. కానీ మర్రిగూడలోనో మక్తల్‌లోనో ఎవరినన్నా ఇంటర్వ్యూ చేయాలంటే ముందు ఎథిక్స్ అప్రూవల్, అంటే మనుషుల మీద పరిశోధనకు యూనివర్సిటీ ఇచ్చే అనుమతి, రావాలి. దానికి వారాలు పడుతుంది, వేసవి మొదలవకముందే ఫారం పెట్టండి. అది రాకముందు మేనమామకు ఫోన్ చేసి రికార్డు చేసుకున్నది డిసర్టేషన్‌లో వాడుకోనివ్వరు.