పాత చిన్న ల్యాప్‌టాప్‌లో క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ ఎలా వేసుకోవాలి? అసలు వేసుకోవచ్చా?

విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, విండోస్ 11 ఏమో కనీసం 64 జీబీ స్టోరేజ్ కావాలంటుంది, మరి పిల్లల ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న 32 జీబీ బుల్లి ల్యాప్‌టాప్ ఏం చెయ్యాలండి అని మన వైపు చాలామంది అడుగుతున్నారు. దానికి గూగుల్ వాళ్ళు 2022లో ఫ్రీగా వదిలిన క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ ఉంది, అంటే విండోస్ తీసేసి దాని బదులు వేసుకునే ఓఎస్ (కంప్యూటర్‌ని నడిపే అసలు సాఫ్ట్‌వేర్). క్లౌడ్ ఓఎస్ అంటారు గానీ సిస్టమ్ మొత్తం ఎక్కడో ఆకాశంలో ఉండదు, ఓఎస్ మీ ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది, మీ పని మాత్రం ఎక్కువ బ్రౌజర్‌లో, ఫైళ్ళు ఎక్కువ గూగుల్ డ్రైవ్‌లో, అంటే నెట్‌లో గూగుల్ వాళ్ళ దగ్గర దాచుకునే చోట ఉంటాయి, అంతే.

మొదట మీ పనేంటో చూస్కోండి, ల్యాప్‌టాప్ సంగతి తర్వాత. కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసే ట్యాలీ, పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పెళ్ళికార్డులు, ఆధార్ వేలిముద్ర మెషిన్ పెట్టి డబ్బులిచ్చే పాయింట్, ఇలాంటివుంటే ఇక్కడితో ఆగిపోండి, ఇవన్నీ విండోస్ మీద నడిచేవి. ప్లే స్టోర్ కూడా ఫ్లెక్స్‌లో ఉండదు, అది కావాలంటే క్రోమ్ ఓఎస్‌తోనే అమ్మే ల్యాప్‌టాప్, అదే క్రోమ్‌బుక్ కొనాలి. వాట్సాప్ వెబ్, యూట్యూబ్, మెయిల్, గూగుల్ షీట్స్‌లో లెక్కల షీట్లు, తెలుగు టైపింగ్, వీటికైతే హాయి.

బాగా కలిసొచ్చేది లెక్కల షీట్ల దగ్గరే. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులున్నోళ్ళని చూడండి, గట్టు మీద కుర్రాడు ఏ చెరువుకి ఎన్ని కేజీల మేత వేశాడో ఫోన్లో షీట్‌లో కొడతాడు, ఇంట్లో ల్యాప్‌టాప్‌లో అదే షీట్‌లో అప్పుడే కనబడుతుంది, సాయంత్రం చీటీలు పట్టుకుని కూర్చోక్కర్లేదు. లంకల్లో వరదొచ్చి ల్యాప్‌టాప్ తడిసి పాడైనా డ్రైవ్‌కి ఎక్కిన లెక్కలు పోవు, ఇంకో మెషిన్‌లో లాగిన్ అయితే వచ్చేస్తాయి. కాకపోతే జీమెయిల్, ఫోటోలు, డ్రైవ్ అన్నిటికీ కలిపి ఫ్రీగా ఇచ్చేది 15 జీబీయే, పెళ్ళి వీడియోలు అందులో పెడితే ఇట్టే నిండిపోతుంది.

ఇక అసలు ఇబ్బంది నెట్. తుఫానొచ్చి కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది గానీ ఇంట్లో వైఫై డబ్బా నడవదు కదా. 2022 మేలో అమలాపురం గొడవలప్పుడైతే కోనసీమలో మొబైల్ నెట్ రోజుల తరబడి ఆపేశారు. అందుకే నెట్ ఉండగానే డ్రైవ్ సెట్టింగ్స్‌లో ఆఫ్‌లైన్ ఆన్ చేసి ముఖ్యమైన షీట్ల మీద రైట్ క్లిక్ కొట్టి ఆఫ్‌లైన్‌లో ఉండేలా పెట్టండి, అప్పుడు నెట్ లేకపోయినా రాసుకోవచ్చు, నెట్ వచ్చాక అదే ఎక్కుతుంది. నెట్ పోయాక ఇది చేద్దామంటే కుదరదండి.

సరే వేద్దామనుకుంటే, ఇంటెల్ గానీ ఏఎండీ గానీ 64 బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 16 జీబీ స్టోరేజ్ ఉండాలి. 2 జీబీ ర్యామ్‌వి వదిలేయండి. గూగుల్ సైట్‌లో సర్టిఫైడ్ మోడళ్ళ లిస్ట్ ఉంటుంది, మీది అందులో లేకపోయినా పని చెయ్యొచ్చు కానీ గ్యారంటీ లేదు.

8 జీబీ పైన ఉన్న పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకోండి, అందులో ఉన్నదంతా పోతుంది, ముందే కాపీ తీసేసుకోండి. క్రోమ్ బ్రౌజర్‌లో క్రోమ్‌బుక్ రికవరీ యుటిలిటీ అనే ఎక్స్‌టెన్షన్ వేసి, మోడల్ లిస్ట్‌లో గూగుల్ క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ ఎంచుకుంటే పెన్‌డ్రైవ్ తయారైపోతుంది. డౌన్‌లోడ్ పెద్దది, ఫోన్ డేటాతో పెట్టుకోకండి.

పెన్‌డ్రైవ్ పెట్టి ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూనే బూట్ మెనూ (దేని మీంచి ఆన్ అవ్వాలో ఎంచుకునే లిస్ట్) కీ టకటకా నొక్కి పెన్‌డ్రైవ్‌ని ఎంచుకోవాలి, డెల్, లెనోవోల్లో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్. ఇక్కడ వెంటనే ఇన్‌స్టాల్ కొట్టకండి, ముందు ట్రై చేసే ఆప్షన్ ఉంటుంది, అది నొక్కితే విండోస్ జోలికెళ్ళకుండా పెన్‌డ్రైవ్ మీదే నడుస్తుంది, కొంచెం నెమ్మదిగా ఉంటుంది, కంగారు పడకండి. వైఫై, సౌండ్, కెమెరా, మూత వేసి తీస్తే లేస్తుందో లేదో, మీ ప్రింటర్ దొరుకుతుందో లేదో అన్నీ చూడండి. ఓ సాయంత్రం కావాలని వైఫై కట్టేసి మీ రోజు పని చేసి చూడండి, నా ఉద్దేశంలో అన్నిటికంటే ఇదే ముఖ్యం. వేలిముద్ర సెన్సార్, సీడీ డ్రైవ్ మీద ఆశ పెట్టుకోకండి.

అంతా నచ్చితేనే ఇన్‌స్టాల్. విండోస్‌తో పాటు లోపలున్నవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి, ఫోటోలూ పట్టా కాగితాల స్కాన్లూ ముందే వేరే డిస్క్‌లోకి తీయండి, వెనక్కి రావాలనిపిస్తే పనికొచ్చేలా విండోస్ పెన్‌డ్రైవ్ కూడా ఒకటి చేసి పెట్టుకోండి. మొదటి లాగిన్‌కి నెట్ తప్పనిసరి. ఆ తర్వాత గూగుల్ పాస్‌వర్డ్ ఎప్పుడైనా మారిస్తే పాతది కూడా గుర్తుంచుకోండి, ల్యాప్‌టాప్‌లో ఉన్న ఫైళ్ళు తెరవడానికి ఒకసారి అడుగుతుంది.