గేమ్ కన్సోల్ ఏది కొనాలో ఎలా తేల్చుకోవాలి?

షాపుకి వెళ్లాక చూద్దాంలే అనుకుంటే, అక్కడ వాళ్లు ఏది చూపిస్తే అదే కొనుక్కొచ్చేస్తాం. ఇంట్లోనే తేల్చుకుని వెళ్లండి. ఇప్పుడు పోటీ ప్రధానంగా సోనీ పీఎస్5 (ప్లేస్టేషన్ 5), మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్, నింటెండో స్విచ్ 2 మధ్యే.

1. ముందు గేములు, తర్వాతే మెషీన్

ఆడాలనుకునే గేముల పేర్లు ఓ ఐదారు కాగితం మీద రాయండి. అందులో మారియో, జెల్డా ఉంటే నింటెండోనే కొనాలి. స్పైడర్‌మ్యాన్ 2 అయితే పీఎస్5. ఎక్స్‌బాక్స్ సొంత గేములు మాత్రం ఇప్పుడు బయటికీ వస్తున్నాయి. ఫోర్జా హొరైజన్ 5 కూడా 2025లో పీఎస్5కి వచ్చేసింది. కాబట్టి ఎక్స్‌బాక్స్ బలమల్లా గేమ్ పాసే: నెలనెలా కడితే చాలా గేములు ఆడుకోవచ్చు. తరచూ కొత్త గేమ్ మొదలుపెట్టేవాళ్లకి అది గిట్టుబాటు అవుతుంది. ఏడాదంతా ఒకే ఫుట్‌బాల్ గేమ్ ఆడేవాళ్లకి దండగ.

2. మీ ఫ్రెండ్స్ దేనిమీద ఆడుతున్నారు?

ఫోర్ట్‌నైట్ లాంటివి ఎవరి కన్సోల్ ఏదైనా కలిసి ఆడొచ్చు. అన్ని గేములూ అలా కుదరవు, అడిగి తెలుసుకోండి. కొన్న గేముల్లో ఆన్‌లైన్ మ్యాచ్‌లు ఆడాలంటే దాదాపు ఏ కన్సోల్‌కైనా సబ్‌స్క్రిప్షన్ కట్టాల్సిందే.

3. డిస్క్ పెట్టే వీలుందా?

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. డిస్క్ కొంటే ఆడేశాక అమ్ముకోవచ్చు, ఫ్రెండ్‌తో మార్చుకోవచ్చు, సెకండ్ హ్యాండ్‌లో సగం ధరకి దొరికినా దొరకొచ్చు. డౌన్‌లోడ్ చేసిన గేమ్ మీ అకౌంట్‌లోనే ఉండిపోతుంది. సిరీస్ ఎస్‌లో డిస్క్ డ్రైవ్ లేదు, తర్వాత తగిలించుకోవడమూ కుదరదు. 2023 చివర్లో వచ్చిన సన్నటి పీఎస్5 డిజిటల్ ఎడిషన్‌కైతే డ్రైవ్ విడిగా కొనుక్కోవచ్చు. సిరీస్ ఎక్స్‌లోనూ డిస్క్ లేని తెల్ల మోడల్ ఉంది, పెట్టె చూసి కొనండి. స్విచ్ 2కి డిస్కుల బదులు గేమ్ కార్డులుంటాయి, వాటిలో కొన్ని వట్టి తాళంచెవి లాంటివి: కార్డు పెట్టినా గేమ్ నెట్ నుంచే దించుకోవాలి.

4. స్టోరేజ్, టీవీ

512 జీబీ సిరీస్ ఎస్‌లో గేములకి మిగిలేది 364 జీబీయే. ఒక్కో పెద్ద గేమ్ 100 జీబీ దాటుతోంది. ఈ తరం గేములు ఆడేలా స్టోరేజ్ పెంచాలంటే ఎక్స్‌బాక్స్‌కి దాని ప్రత్యేకమైన కార్డే కావాలి, పీఎస్5కి సరిపడే ఎం.2 ఎస్‌ఎస్‌డీ (లోపల బిగించే స్టోరేజ్ ముక్క) బయటే దొరుకుతుంది. మీది 4కే టీవీ కాకపోతే సిరీస్ ఎక్స్ ఇచ్చే స్పష్టత మీకు పూర్తిగా కనిపించదు.

5. వారంటీ

నింటెండో మన దేశంలో అధికారికంగా అమ్మడం లేదు, ఇక్కడ దొరికేవి దిగుమతి సరుకే. అమెరికా నుంచి చుట్టాలతో తెప్పించుకున్నా, రిపేరొస్తే ఎవరు చూస్తారో ముందే కనుక్కోండి.

6. మొత్తం లెక్క

కన్సోల్ ధరకి రెండో కంట్రోలర్, ఏడాది సబ్‌స్క్రిప్షన్, మీరు రాసుకున్న గేముల ధర కలపండి. కన్సోళ్లను ఆ మొత్తం మీదే పోల్చండి. పెట్టె ధర తక్కువున్నది చాలాసార్లు ఇక్కడే వెనకబడుతుంది.