బెంగళూరు ఫ్లాట్‌కి పెద్ద టీవీ: ముందు హాలు కొలవండి, తర్వాతే షోరూమ్

టీవీ కొనాలనుకోగానే చాలామంది నేరుగా షోరూమ్‌కి వెళ్లిపోతారు. అక్కడ కళ్లు జిగేల్‌మనే లైట్ల కింద, వెలుగు పూర్తిగా పెంచిన తెరల మీద పూలు, చిలుకలు మెరుస్తుంటాయి. అన్నీ బాగానే కనిపిస్తాయి, దాంతో సేల్స్‌మ్యాన్ చెప్పిందే ఖాయమవుతుంది. మీ ఇంట్లో పరిస్థితి వేరు. ఎదురుగా బాల్కనీ తలుపు, పక్కకి తిప్పి వేసిన దీవాన్, సాయంత్రం అత్తయ్యగారి సీరియల్, రాత్రి లైటు ఆర్పేసి చూసే సినిమా. 40 వేల నుంచి 75 వేల లోపు అన్నిట్లోనూ బాగుండే పెద్ద టీవీ దొరకదు. మీ హాలుకి సరిపోయేది మాత్రం తప్పకుండా దొరుకుతుంది.

టేపు తీసుకుని, సోఫాలో కూర్చున్న మనిషి కళ్ల దగ్గర నుంచి టీవీ తెర ఉండే చోటు దాకా కొలవండి. గోడ నుంచి గోడకి కొలిస్తే లెక్క తప్పుతుంది. మారతహళ్లి, కె.ఆర్. పురం వైపు ఫ్లాట్లలో హాలు 10 అడుగులు ఉందనుకుంటే, సోఫా వీపు, టీవీ మందం, బ్రాకెట్ పోను మిగిలేది 8 అడుగులే. టీవీ సైజు అంగుళాల్ని 1.2తో, 1.6తో గుణించండి, కళ్లకీ తెరకీ మధ్య దూరం ఆ రెండిటి మధ్య ఉండాలి. 55 అంగుళాలకి 66 నుంచి 88 అంగుళాలు, అంటే అయిదున్నర అడుగుల నుంచి 7 అడుగుల 4 అంగుళాలు. 65కి ఆరున్నర నుంచి 8 అడుగుల 8 అంగుళాలు. కాబట్టి 8 అడుగుల దూరానికి 65 నిశ్చింతగా సరిపోతుంది, 55 కాస్త చిన్నదనిపిస్తుంది.

గోడ మీద చోటు కూడా చూసుకోవాలి. 55 అంగుళాల తెర వెడల్పు 4 అడుగులు, ఎత్తు 27 అంగుళాలు. 65 అయితే వెడల్పు 4 అడుగుల 9 అంగుళాలు, ఎత్తు 32. కార్పెంటర్‌తో ముందే యూనిట్ చేయించి ఉంటే, ఆ గూడులో నాలుగు వైపులా కనీసం 4 అంగుళాల ఖాళీ మిగలాలి. లేకపోతే వేడి బయటికి పోదు, వెనక ఉండే ఎల్‌ఈడీ స్ట్రిప్పులు త్వరగా దెబ్బతింటాయి. 65 కొనేవాళ్లు లిఫ్టు కూడా కొలవాలి. దాని అట్టపెట్టె 5 అడుగులు దాటుతుంది. లిఫ్టులో పట్టలేదని మెట్ల మీద పడుకోబెట్టి మోస్తే ప్యానెల్ లోపలే చిట్లుతుంది. ఆ పెట్టె ఎప్పుడూ నిలువుగానే ఉండాలి.

డబ్బు వెళ్లాల్సిన చోటు

ఈ బడ్జెట్‌లో తేడా అంతా ప్యానెల్‌లోనూ దాని వెనక ఉండే వెలుగులోనూ ఉంది. ప్యానెళ్లు ప్రధానంగా రెండు రకాలు. వీఏ ప్యానెల్‌లో నలుపు నల్లగా ఉంటుంది. దాని కాంట్రాస్ట్, అంటే తెలుపుకీ నలుపుకీ మధ్య వెలుగు తేడా, సాధారణంగా 3000:1 పైన ఉంటుంది. కానీ పక్క నుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి. ఐపీఎస్ ప్యానెల్ ఏ పక్క నుంచి చూసినా ఒకేలా ఉంటుంది గానీ కాంట్రాస్ట్ 1000:1 దగ్గరే ఆగిపోతుంది, చీకటి గదిలో నలుపు బూడిద రంగులో కనిపిస్తుంది. హాల్లో అందరూ టీవీకి ఎదురుగానే కూర్చుంటే వీఏ తీసుకోండి. డైనింగ్ టేబుల్ దగ్గరి నుంచీ, వంటగది గుమ్మంలో నుంచీ చూసేవాళ్లు ఉంటే ఐపీఎస్ మేలు.

పెట్టె మీద ఇది రాయరు, మీరే పట్టుకోవాలి. తెర మీద మనుషుల ముఖాలు ఉన్న చీకటి సీను పెట్టించి, తెర అంచు వైపుకి నాలుగడుగులు జరగండి. ముఖం పాలిపోయి, నలుపు తెల్లబారితే వీఏ. ఏమీ మారకపోతే ఐపీఎస్. ఒకే సిరీస్‌లో సైజు మారితే ప్యానెల్ కూడా మారవచ్చు. అందుకే 50 అంగుళాలది చూసి 65 ఆర్డర్ చేయడం ప్రమాదం.

ఇక వెనక వెలుగు. క్యూఎల్‌ఈడీ అన్న మాట రంగుల పొర గురించి చెప్పేది, నలుపు గురించి కాదు. నలుపు బాగుండాలంటే వెలుగు జోన్లుగా విడిపోయి, చీకటి ఉన్న చోట తగ్గాలి. దాన్నే లోకల్ డిమ్మింగ్ అంటారు. మినీ ఎల్‌ఈడీ అంటే ఆ దీపాలు చిన్నవిగా, ఎక్కువగా ఉండటం. జోన్లు తక్కువైతే ఏమవుతుందో సబ్‌టైటిల్స్ దగ్గర తెలుస్తుంది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాల చుట్టూ పొగలా ఒక వెలుగు కనిపిస్తుంది. అక్షరం పోగానే ఆ పొగా పోతుంది. షోరూమ్‌లో వెలుగు ఎక్కువ కాబట్టి ఇది కనపడదు. రెండు చేతులూ కళ్లకి అటూ ఇటూ అడ్డం పెట్టుకుని దగ్గరికి వెళ్లి చూడండి.

మా అభిప్రాయం సూటిగా చెబుతాం. రాత్రి సినిమాలు ఎక్కువ చూసే ఇంటికి, లోకల్ డిమ్మింగ్ లేని 65 కంటే అది ఉన్న 55 మంచిది. పగలంతా సీరియళ్లు, వార్తలు, క్రికెట్ నడిచే ఇంటికి మాత్రం మామూలు 65 చాలు, తెరకి మంచి వెలుగు ఉంటే. బాల్కనీ ఎదురుగా ఉన్న హాల్లో 300 నిట్స్ (తెర వెలుగుని కొలిచే లెక్క) తెర మధ్యాహ్నం అద్దంలా మీ ముఖాన్నే చూపిస్తుంది. 500 దాటినవి చూడండి, లేదా మందపాటి కర్టెన్ వేయించండి. పెట్టె మీద డాల్బీ విజన్, హెచ్‌డీఆర్ అని రాసినంత మాత్రాన తెర వెలుగు పెరగదు.

రిఫ్రెష్ రేటు, అంటే తెర సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందన్న లెక్క దగ్గర ఎక్కువమంది మోసపోతారు. "మోషన్ 240" లాంటి సంఖ్యలు పట్టించుకోకండి. "ప్యానెల్ నేటివ్ రేటు 60నా, 120నా?" అని అడగండి. మన దగ్గర టీవీ ప్రసారం సెకనుకి 50 లెక్కన వస్తుంది, దానికి 60 హెర్ట్జ్ ప్యానెల్ చాలు. సినిమాలకి సెకనుకి 24 ఫ్రేములు. 60ని 24 సమంగా భాగించదు కాబట్టి ఒక ఫ్రేము రెండుసార్లు, తర్వాతది మూడుసార్లు పడి, కెమెరా మెల్లగా జరిగేటప్పుడు చిన్న కుదుపు కనిపిస్తుంది. 120లో ప్రతి ఫ్రేమూ అయిదుసార్లు సమంగా పడుతుంది. ప్లేస్టేషన్ ఉన్నవాళ్లు 120తో పాటు హెచ్‌డీఎంఐ 2.1 కూడా ఉందో లేదో చూసుకోవాలి. మిగిలినవాళ్లకి మూడు హెచ్‌డీఎంఐ పోర్టులు చాలు. వాటిలో ఒకటి ఈఆర్క్ (టీవీ శబ్దాన్ని బయటి స్పీకర్‌కి పంపే పోర్టు) అయితే సౌండ్‌బార్‌కి పనికొస్తుంది. పల్చటి టీవీల్లో స్పీకర్లు ఎంత మంచివైనా డైలాగులు తేలిపోతాయి, అందుకని బడ్జెట్‌లో కొంత సౌండ్‌బార్‌కి పక్కన పెట్టండి.

పెద్దవాళ్లు చూసే చానెళ్ల సంగతి మరవకండి. మామూలు ఎస్‌డీ చానెల్‌లో ఉండేది 720×576, అంటే 4 లక్షల చిల్లర చుక్కలు. 4కే తెరలో ఉండేవి 83 లక్షలు. ఒక్కో చుక్కని ఇరవైగా సాగదీస్తే బొమ్మ మసకబారక తప్పదు. అది టీవీ తప్పు కాదు. ఈటీవీ, స్టార్ మా, జీ తెలుగు, జెమినీ అన్నిటికీ హెచ్‌డీ చానెళ్లు ఉన్నాయి. బెంగళూరు కనెక్షన్‌లో వాటిని విడిగా అడిగి పెట్టించుకోండి.

ధర దగ్గర

2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పన్నుకి ముందు 50 వేలు ఉన్న టీవీ అంతకుముందు 64 వేలు అయ్యేది, ఇప్పుడు 59 వేలు. పాత ఎమ్మార్పీ స్టిక్కర్ మీద లెక్కగట్టి "అయిదు వేలు తగ్గించాం" అంటే అది పన్ను తగ్గడమే, డిస్కౌంటు కాదు. నో కాస్ట్ ఈఎంఐలో కూడా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగం మీద జీఎస్టీ పడతాయి. వాటిని కలిపి చూసుకోండి. బిల్లు మీద మోడల్ నంబరు పూర్తిగా, సీరియల్ నంబరుతో సహా ఉండాలి. ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకుంటే "ప్యానెల్‌కి వర్తిస్తుందా?" అన్న ఒక్క ప్రశ్నకి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. వారంటీ దాటాక ప్యానెల్ పోతే దాని ఖర్చు దాదాపు కొత్త టీవీ అంత అవుతుంది.

గోడ, కరెంటు

అద్దె ఇల్లయితే ఓనర్‌ని అడక్కుండా గోడకి రంధ్రాలు వేయకండి, అడ్వాన్సులో కోత పడుతుంది. గోడ దేనితో కట్టారో కూడా తెలుసుకోండి. కొత్త టవర్లలో చాలావాటికి కాంక్రీటు గోడలు పోస్తారు, వాటికి హ్యామర్ డ్రిల్ కావాలి. తేలికపాటి ఏఏసీ బ్లాకు గోడలో మామూలు ప్లాస్టిక్ ప్లగ్గు బరువుకి మెల్లగా వదులవుతుంది. దానికి పొడవాటి నైలాన్ యాంకర్లు వాడాలి. ఇన్‌స్టలేషన్‌కి వచ్చే కుర్రాడి సంచిలో అవి ఉండకపోవచ్చు, ముందే ఎస్‌పీ రోడ్‌ హార్డ్‌వేర్ దుకాణాల్లో కొని పెట్టుకోండి. తెర మధ్య భాగం కూర్చున్నవాళ్ల కళ్ల ఎత్తుకి, అంటే నేల నుంచి సుమారు 42 అంగుళాలకి రావాలి. 55కి కింది అంచు 28 అంగుళాల దగ్గర ఉంటుంది. అందరూ అంతకంటే ఒక అడుగు పైకి బిగిస్తారు, మెడ నొప్పికి అదే కారణం.

కొత్త టీవీలు చాలావరకు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటాయి, కాబట్టి స్టెబిలైజర్ అత్యవసరం కాదు. అసలు ప్రమాదం పిడుగుల వల్ల ఒక్కసారిగా వచ్చే వోల్టేజీ పోటు. సరైన ఎర్తింగ్ ఉన్న ప్లగ్గుకి సర్జ్ ప్రొటెక్టర్ పెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుములు మొదలైతే ప్లగ్గుతో పాటు సెట్‌టాప్ బాక్స్ కేబుల్, ఇంటర్నెట్ కేబుల్ కూడా పీకేయండి. పిడుగు వాటి దారిలో కూడా వస్తుంది.

బిగించిన రోజే తెర పరీక్షించండి. యూట్యూబ్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు, నలుపు, బూడిద రంగుల పరీక్ష వీడియోలు దొరుకుతాయి. వెలగని చుక్కలు రంగుల మీద, అంచుల్లో కారే వెలుగు నలుపు మీద తెలుస్తాయి. బూడిద తెర మీద మచ్చలు, నిలువు చారలు వెతకండి. తర్వాత క్రికెట్ పెట్టి, బంతి బౌండరీ వైపు వెళ్లేటప్పుడు పచ్చిక మీదే చూపు నిలపండి. కెమెరా జరుగుతున్నా చారలు కదలకుండా ఉంటే ప్యానెల్ లోపమే, వెంటనే ఫిర్యాదు రాయించండి. పిక్చర్ మోడ్ వివిడ్ నుంచి సినిమాకి మార్చి, షార్ప్‌నెస్ తగ్గించండి, సినిమా సీరియల్‌లా జారిపోతుంటే మోషన్ స్మూతింగ్ ఆపేయండి. మార్చుకునే గడువు చాలా చోట్ల 7 నుంచి 10 రోజులే. అప్పటిదాకా అట్టపెట్టె, థర్మకోల్ పారేయకండి. అద్దె ఇంట్లో ఉండేవాళ్లయితే దాన్ని అటక మీద దాచండి, ఇల్లు మారేటప్పుడు ఆ టీవీకి సరిగ్గా పట్టే పెట్టె అదొక్కటే.